దిగులు పోస్టు ఖాళీ

కాలువగట్ల సంరక్షణ సంస్థలో దిగులు అనే జబ్బు మేనేజింగ్ డైరెక్టరుగారికి తప్ప మరెవరికీ ఉండకూడదని తీర్మానం జరిగిన రోజున, చిత్రకారుడు మృత్యుంజయుడు ఆ మాట సరిగ్గా వినిపించుకోలేదు. ఆయన ధ్యాసంతా ఎండీగారి గడ్డం కింద వేలాడే రెండో గడ్డం మీద ఉంది. దాన్ని వేయాలా, మింగేయాలా అన్నది అప్పటికి ఆయన సమస్య.

మృత్యుంజయుడికి కాకినాడలో, జగన్నాథపురం వంతెన దిగగానే చిన్న కొట్టు ఉంది. పోయినవాళ్ళ బొమ్మలు వేస్తాడు. ఇంటివాళ్ళు రేషన్ కార్డు మీద ఫొటోనో, పెళ్ళి గుంపులోంచి కత్తిరించిన తలకాయనో తెస్తారు. ఆయన దానికి భుజాలు తగిలించి, శాలువా కప్పి, బతికుండగా ఎన్నడూ లేని ప్రశాంతత ముఖానికి పూసి ఇస్తాడు. ఆ పనిలో ఆయనకు మంచి పేరుంది. అయితే తన బొమ్మలన్నీ దండ వేయించుకోవడానికే పుడుతున్నాయనీ, ఒక్కటైనా బతికున్న మనిషి ఎదురుగా కూర్చుని వేయించుకున్నది కాదనీ లోపల చిన్న వెలితి ఉండేది. అందుకే సంస్థవాళ్ళు పిలిచినప్పుడు ఎగిరి గంతేశాడు. చిత్రకారుడికి వందకు పైగా ముఖచిత్రాలు గీసిన అనుభవం ఉండాలని టెండరులో ఉంది. జిల్లాలో అంత అనుభవం ఉన్నవాడు ఆయనొక్కడే. ఆ ముఖాల తాలూకు మనుషులు ఉన్నారా, పోయారా అని టెండరులో అడగలేదు.

దీనికంతటికీ మూలం ఒక సెమినారు. ఎండీ సుదర్శనమూర్తిగారు సంస్థ ఖర్చు మీద చల్లటి కొండ ఊరికి వెళ్ళి, 'సంస్థలు – మానసిక ఆరోగ్యం' అనే విషయం మీద ఉపన్యాసాలు విని వచ్చారు. అక్కడ ఒకాయన తెర మీద పాతకాలపు చిత్రపటాలు చూపించాడట. నోటితో చెప్పుకోలేని మనోవ్యాధిని చిత్రకారుడు ముఖం పక్కన ఒక వస్తువు పెట్టి చెబుతాడనీ, ఆరిన దీపమో, ఎగరలేని పక్షో చూసి చూసేవాడు అర్థం చేసుకోవాలనీ వివరించాడట. సుదర్శనమూర్తిగారు చలించిపోయారు. తిరిగొచ్చేటప్పటికి డెల్టాలో రెండుచోట్ల గట్లు తెగి ఊళ్ళలోకి నీళ్ళొచ్చి ఉన్నాయి. ఆయన ఆ ఫైళ్ళు పక్కకు జరిపించి ఉత్తర్వు జారీ చేశారు.

"సంస్థయందు పనిచేయు అధికారులు తమ మానసిక రుగ్మతలను గోప్యముగా ఉంచుకొనుట పరిపాలనా పారదర్శకతకు భంగకరము. కావున ప్రతి అధికారియు తన రుగ్మతను చిత్రపటమునందు తగిన సంకేతముతో నిర్భయముగా వ్యక్తపరచవలెను. రుగ్మత లేనివారు అందుకు కారణము తెలుపవలెను."

జనరల్ మేనేజరు భద్రిరాజుగారి అధ్యక్షతన సంకేతాల కమిటీ ఏర్పడింది. అందులో అకౌంట్స్ ఆఫీసరు, లా ఆఫీసరు, స్టోర్స్ ఆఫీసరు సభ్యులు. పెద్దాసుపత్రి నుంచి ఒక మానసిక వైద్యుణ్ణి కూడా మొదటి సమావేశానికి పిలిచారు. ఆయన రాగానే రోగులెక్కడున్నారని అడిగాడు. రోగులు కమిటీ పరిధిలోకి రారని చెప్పి, టీ ఇచ్చి పంపించేశారు. తర్వాత కమిటీ ఏకాగ్రతతో పనిచేసి జబ్బులకు గుర్తులు ఖరారు చేసింది. దిగులుకు వాడిన తామరపువ్వు, నిద్ర పట్టకపోవడానికి గుడ్లగూబ, అనుమానానికి తాళంకప్ప, ఆందోళనకు గోడగడియారం. అన్నిటికన్నా కింద, తలనొప్పికి తాటాకు విసనకర్ర. తలనొప్పి మనసుకు సంబంధించినదేనా అని లా ఆఫీసరు సందేహం వెలిబుచ్చితే, కిందిస్థాయి అధికారులకు అంతకు మించి ఇవ్వలేమని అకౌంట్స్ ఆఫీసరు తేల్చాడు. ఏ ఉద్యోగికీ తన పైఅధికారి రుగ్మతతో సమానమైన రుగ్మత గానీ, అంతకు మించిన రుగ్మత గానీ ఉండరాదని చివర్లో ఒక నిబంధన చేర్చారు. దిగులు గొప్పవాళ్ళకు వచ్చే జబ్బని ఎవరో అనడంతో అది ఎండీగారికి ఏకగ్రీవంగా దక్కింది.

నిజానికి సుదర్శనమూర్తిగారికి ఏ దిగులూ లేదు. ఆయన వేళకు తింటారు, పడుకోగానే నిద్రపోతారు. బొమ్మకు కూర్చున్న కుర్చీలోనే హాయిగా గురక పెట్టారు. లేచాక మృత్యుంజయుడి బొమ్మ చూసి, తామర మరీ అంత వాడిపోనక్కర్లేదనీ, సంస్థ ప్రతిష్ఠకు తగినంత మటుకే వాడాలనీ సూచించారు. మృత్యుంజయుడు రెండు రేకులు నిలబెట్టాడు. రెండో గడ్డం మింగేశాడు. వేస్తున్నంతసేపూ ఆయనకు సంతోషంగానే ఉంది. ముక్కు మీద ఈగ వాలితే తోలుకునే మనిషిని వేయడం అదే మొదలు మరి.

ఇక అధికారులు వరుసకట్టారు. భద్రిరాజుగారికి గుడ్లగూబ వచ్చింది. అది వినగానే ఆయన భార్య కారేసుకుని ఆఫీసుకొచ్చి, తన భర్త నెత్తి మీద గుడ్లగూబ కూర్చుంటే తాను పుట్టింటికి పోతానని చెప్పింది. కమిటీ అత్యవసరంగా కూడి, గుడ్లగూబ స్థానంలో నెమలిని వేయవచ్చుననీ, సదరు నెమలిని చూచువారు గుడ్లగూబగా భావించవలెననీ సవరణ తెచ్చింది. తాళంకప్ప తీసుకున్న ఇంజనీరు తన తాళం తన కింది ఇంజనీరు గడియారం కంటే చిన్నదిగా ఉందని ఫిర్యాదు చేశాడు. ప్రమోషన్ వచ్చినవాళ్ళు పాత జబ్బు సరెండర్ చేసి కొత్త జబ్బులో చేరినట్టు సంతకాలు పెట్టారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక కుర్ర ఇంజనీరు తనకేమీ లేదనీ, బాగానే ఉన్నాననీ అన్నందుకు, 'మానసిక స్థితిని దాచిపెట్టిన' అభియోగం మీద సంజాయిషీ అడిగారు. అతను భయపడి విసనకర్ర తీసుకున్నాడు.

వరండా పొడుగునా బొమ్మలు వెలిశాయి. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించి, ఇంతమంది రోగగ్రస్తులు ఒకే కప్పు కింద ఇంత క్రమశిక్షణతో పనిచేయడం తానెక్కడా చూడలేదని మెచ్చుకున్నారు. పొరుగు జిల్లా నుంచి అధ్యయన బృందం కూడా వచ్చింది. మృత్యుంజయుడికి శాలువా కప్పారు. తాను ఇన్నాళ్ళూ ఇతరులకు రంగులతో కప్పిన శాలువా మొదటిసారి తన భుజాల మీద పడేసరికి ఆయన ఆ పూటంతా దాన్ని తీయలేదు.

ఈ హడావుడి అంతటిలో, ఏ అధికారికి ఏ గుర్తు రావాలో చూసి చెప్పడానికి ఆఫీసువాళ్ళు ఆయనకొక మనిషిని అప్పగించారు. ఆవిడ పేరు సుభాషిణి. జూనియర్ అసిస్టెంటు. ముప్పై దాటిన మనిషి, తల్లితో ఉంటుంది. పేరుకు తగ్గట్టు మాట్లాడడం ఆయన ఎప్పుడూ వినలేదు. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పితే ఆవిడ విప్పిన క్యారేజీ మళ్ళీ అలాగే మూసేసేది. ఒకసారి ఆయన రంగు గిన్నె పొరపాటున ఆవిడ చీర మీద ఒలికిపోయింది. కంగారుపడి క్షమాపణ చెబుతుంటే ఆవిడ ఆ మరక వైపు చూసింది, వేరేవాళ్ళ చీర మీద పడ్డట్టు.

ఆ చూపు మృత్యుంజయుడికి తెలుసు. కొట్టుకు వచ్చే ఫొటోల్లో ఏడాదికి రెండు మూడు అలాంటివి ఉండేవి. వయసులో ఉన్నవాళ్ళవి. ఎలా పోయారని అడిగితే ఇంటివాళ్ళు కిందికి చూస్తూ కడుపునొప్పి అనేవారు. ఆయన ఇంకేమీ అడిగేవాడు కాదు. ఆ కళ్ళు మార్చి వేసేవాడు.

ఆ సాయంత్రం ఆఫీసు ఖాళీ అవుతుండగా, ఒంట్లో బాగుండడం లేదా అని మెల్లగా అడిగాడు. ఆవిడ చేతిలో ఫైలు మూసి పక్కన పెట్టింది.

"పొద్దున్న మంచం మీంచి లేవడానికి ఉన్న ఓపికంతా అయిపోతందండి. ఆ తర్వాత ఇక రోజంతా ఏం లేదు," అంది. "ఏడుపు కూడా రావట్లేదు బాబాయిగారూ. వస్తే బాగుణ్ణు."

అంతకుముందే ఆవిడ తల్లి ఎలాగో బతిమాలి విశాఖపట్నం తీసుకెళ్ళిందట. అక్కడి డాక్టరమ్మ ఇది దిగులు జబ్బనీ, ముదిరిందనీ, కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండి మందులు వాడాలనీ చెప్పింది. సెలవు పెట్టుకుని రమ్మంది. సెలవు అడగడానికి సుభాషిణికి ధైర్యం చాలలేదు. మృత్యుంజయుడు ధైర్యం చెప్పాడు. మానసిక రుగ్మతల గురించి ఇంత గొప్పగా ఆలోచించే ఆఫీసు దేశంలో ఇంకొకటి లేదు కదా అన్నాడు. ఆ మాట అప్పుడాయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

మర్నాడు ఆవిడ భద్రిరాజుగారి గదిలోకి వెళ్ళింది. మృత్యుంజయుడు అక్కడే నెమలి తోకకు మెరుగులు దిద్దుతున్నాడు. జబ్బేమిటని భద్రిరాజుగారు అడిగారు. దిగులండి, అందావిడ. డాక్టరమ్మ అదే రాసిందంది.

భద్రిరాజుగారు కళ్ళజోడు తీసి ఆవిడ వైపు చూశారు. ఎండీగారి కుర్చీలో కూర్చుంటానన్న మనిషిని చూసినట్టు చూశారు.

"చూడమ్మా, దిగులు ఎండీగారిది," అన్నారు, చాలా ఓపికగా. "సర్వీసులో ఇరవై ఆరేళ్ళుగా ఉన్న నాకే అది రాలేదు. జూనియర్ అసిస్టెంటుకు దిగులు మంజూరు చేస్తే రేపు ఈ సంస్థలో అధికార క్రమం ఏం కావాలి? అదీగాక నీ కేడరుకు చిత్రపటం లేదు. చిత్రపటం లేని రుగ్మతను గుర్తించుటకు వీలులేదు. మీ అందరికీ కలిపి గ్రూప్ ఫొటో తీయిస్తున్నాం కదా."

ఆవిడ నిలబడే ఉంది. ఆయన మనసు కరిగింది. మరీ అవసరమైతే ప్రత్యేక కేసుగా తలనొప్పి ఇప్పిస్తాననీ, దాని మీద ఒక పూట సెలవు వస్తుందనీ అన్నారు.

ఆవిడ తిరిగొచ్చి తన సీట్లో కూర్చుంది. ఏమీ అనలేదు. అనకపోవడమే మృత్యుంజయుణ్ణి భయపెట్టింది. ఆ వారమంతా పొద్దున్నే వచ్చి ముందు ఆవిడ సీటు వైపు చూసేవాడు. మనిషి కనిపించేదాకా కుంచె చేతికి తీసుకునేవాడు కాదు.

చిత్రపటం ఉంటే గుర్తిస్తారు కదా అని, ఆదివారం ఆవిడ ఇంటికి వెళ్ళి తనంతట తానే బొమ్మ వేశాడు. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుంది. ఏ చీర కట్టుకోనని అడగలేదు, ఎలా వచ్చిందని చూడలేదు. ఆయన పక్కన ఏ వస్తువూ పెట్టలేదు. కళ్ళు మాత్రం ఈసారి మార్చలేదు. బొమ్మ పూర్తయ్యాక తల్లి వచ్చి చూసి, చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

కమిటీ ఆ బొమ్మను బల్ల మీద పెట్టుకుని పరిశీలించింది. తామర లేదు, గడియారం లేదు, తాళం లేదు, కనీసం విసనకర్ర అయినా లేదు. సంకేతం లేనందున రుగ్మత లేదని నమోదు చేశారు. ఆవిడ ఇందులో ఆరోగ్యంగానే ఉందని స్టోర్స్ ఆఫీసరు అభిప్రాయపడ్డాడు. కళ్ళు చూడమని మృత్యుంజయుడు ప్రాధేయపడ్డాడు. కళ్ళు ఆమోదిత జాబితాలో లేవని లా ఆఫీసరు చెప్పాడు.

మృత్యుంజయుడు బయటికొచ్చి వరండాలో నిలబడ్డాడు. అటునుంచి ఇటు తాను వేసిన జబ్బులన్నీ వరుసగా గోడ మీద వెలిగిపోతున్నాయి. ఒక్కడి ముఖంలోనూ నలత లేదు. ఇవన్నీ తన చేత్తో వేసినవే. కప్పించుకున్న శాలువా గుర్తొచ్చి ఆయనకు ఒళ్ళు చిమచిమలాడింది. కాసేపటికి ఆయనకొక సంగతి తట్టింది. ఈ ఆఫీసులో జబ్బు పడడానికి వీల్లేదు గానీ, ఖాళీ పడితే పైకి జరగడానికి వీలుంది.

నేరుగా ఎండీగారి గదికి వెళ్ళాడు. బొమ్మకు వార్నిష్ వేయాలన్న సాకుతో నిలబడి, ఒక మాట చెప్పనా అండి అన్నాడు. చెప్పమన్నారు సుదర్శనమూర్తిగారు.

"హైదరాబాదులో పెద్దపెద్దోళ్ళు దిగులు వేయించుకోవడం మానేసేరంటండి. అది మరీ జిల్లా స్థాయి అనుకుంటున్నారండి."

సుదర్శనమూర్తిగారు నిటారుగా కూర్చున్నారు. మరి వాళ్ళు ఏం వేయించుకుంటున్నారని అడిగారు.

"లోకవేదన అండి," అన్నాడు మృత్యుంజయుడు. ఆ మాట అంతకుముందు ఆయన ఎక్కడా వినలేదు. "లోకంలో బాధంతా ఒక్కళ్ళకే రావడం అన్నమాట. దానికి బీటలు వారిన భూగోళం వేత్తారండి."

'లోకవేదన' అన్న మాటను సుదర్శనమూర్తిగారు రెండు మూడుసార్లు నోట్లో తిప్పుకుని చూశారు. భూగోళం ఎంత పెద్దదిగా వేయవచ్చునని అడిగారు. సాయంత్రానికల్లా ఉత్తర్వు బయటికొచ్చింది. ఎండీగారు లోకవేదనకు ఎదిగినందున దిగులు పోస్టు ఖాళీ అయినదని అందులో స్పష్టంగా ఉంది.

ఆ తర్వాత జరిగిందంతా నిబంధనల ప్రకారమే జరిగింది. భద్రిరాజుగారు దిగులులోకి వెళ్ళారు. ఆయన భార్య ఇప్పుడు నెమలిని వదులుకోవడానికి ఒప్పుకోకపోవడంతో, వాడిన తామర పక్కనే నెమలిని వ్యక్తిగత హోదాలో కొనసాగించారు. ఆయన ఖాళీ చేసిన నిద్రలేమి కోసం ఇద్దరు ఇంజనీర్లు కోర్టుకు పోతామని బెదిరించుకున్నారు. ఒకరి వెనక ఒకరు జరుగుతూ పోగా చిట్టచివర ఆందోళనలో ఒక జాగా మిగిలింది. అది తీసుకోవాల్సిన ఆఫీసు సూపరింటెండెంటుకు రిటైర్మెంటు దగ్గరపడింది. కొత్త జబ్బులో చేరితే పెన్షను కాగితాలు ఆలస్యమవుతాయని ఆయన వద్దన్నాడు. మృత్యుంజయుడు సూపరింటెండెంటు ముందు, భద్రిరాజుగారి ముందు, చివరికి స్టోర్స్ ఆఫీసరు ముందు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మొత్తానికి సూపరింటెండెంటు తనకు అభ్యంతరం లేదని రాసివ్వడంతో ఆ జాగాను తాత్కాలిక ప్రాతిపదికన సుభాషిణికి ఇచ్చారు.

ఆవిడ బొమ్మలో గడియారం వేయడానికి కూర్చున్నప్పుడు ఆయనకు సిగ్గనిపించింది. టైము ఎంత పెట్టమంటావని అడిగాడు.

"ముళ్ళు వద్దు బాబాయిగారూ," అందావిడ. "వట్టి పళ్ళెం చాలు."

అలాగే వేశాడు. పనిచేయని గడియారాన్ని ఆమోదించలేమనీ, మరమ్మతు చేసి మళ్ళీ సమర్పించాలనీ కమిటీ తిప్పి పంపింది. ఆఫీసు తెరిచే వేళకు ముళ్ళు పెట్టి ఇచ్చాడు. సెలవు మంజూరైంది. ఆవిడను, తల్లిని ఆయనే స్టేషనుకు తీసుకెళ్ళి విశాఖ రైలెక్కించాడు. రైలు కదిలాక కూడా ప్లాట్‌ఫారం మీదే నిలబడ్డాడు. వేళ మించిపోలేదు కదా అని ఆయన భయం.

మించిపోలేదు. మందులు మొదట్లో పడలేదట, మార్చారట. ఒకసారి తల్లి ఫోన్ చేసి, పిల్ల ఇవాళ ఏడ్చింది బాబూ అని సంతోషంగా చెప్పింది. వర్షాకాలం వెళ్ళి చలి మొదలయ్యే వేళకు సుభాషిణి తిరిగి ఉద్యోగంలో చేరింది. కాస్త ఒళ్ళు చేసింది. తనకు తగ్గిపోయిందనీ, మందులు వాడుతున్నాననీ, బొమ్మలో గడియారం తీసేయించమనీ ఆఫీసులో చెప్పింది.

సంస్థ చరిత్రలో రుగ్మత నయమవడం అదే ప్రథమం. కమిటీకి ఏం చేయాలో పాలుపోలేదు. గుర్తింపు పొందిన రుగ్మతను పైఅధికారుల అనుమతి లేకుండా నయం చేసుకున్నందుకు ఆవిడకు మెమో ఇచ్చారు. మిగతావాళ్ళు కూడా ఇలాగే కోలుకోవడం మొదలుపెడితే గోడలు ఖాళీ అవుతాయని ఎండీగారు ఆందోళనపడ్డారు. ఆందోళన వారి కేడరుది కాకపోయినా పడ్డారు. సంస్థ ఉద్యోగులు ఎవరును విశాఖపట్నములోని సదరు వైద్యురాలి వద్దకు వెళ్ళరాదని నిషేధ ఉత్తర్వు జారీ చేశారు. సుభాషిణి మెమో చదివి నవ్వింది. పక్క సీటువాళ్ళు తలెత్తి చూశారు. ఆవిడకు నవ్వు వస్తుందని వాళ్ళకప్పటిదాకా తెలియదు.

ఆ వేసవిలో సుదర్శనమూర్తిగారు రిటైరయ్యారు. కొత్త ఎండీ ఇంకో సెమినారుకు వెళ్ళి వచ్చి, బొమ్మలన్నీ గోడౌనుకు పంపించి, వరండాలో ఈత చెట్ల కుండీలు పెట్టించాడు. మృత్యుంజయుడు తన కొట్టుకు, శాలువాలకు తిరిగి వచ్చాడు.

ఒక సాయంత్రం కొట్టు ముందు రిక్షా ఆగింది. దిగిన మనిషిని మృత్యుంజయుడు వెంటనే పోల్చుకోలేకపోయాడు. చొక్కా వదులైంది. గడ్డం గీసుకుని చాలా రోజులైనట్టుంది. ఆయన లోపలికొచ్చి, పోయినవాళ్ళ తాలూకు మనుషులు కూర్చునే బెంచీ మీద కూర్చున్నారు. టీ తెప్పిస్తే తాగలేదు. గోడ మీద బొమ్మల వైపు చూస్తూ చాలాసేపు ఉన్నారు. ఆయన చూపు చూసి మృత్యుంజయుడు కుంచె కింద పెట్టేశాడు.

"అన్నం సయించడం లేదు," అన్నారు సుదర్శనమూర్తిగారు. "నిద్ర లేదు. పొద్దున్నే ఎందుకు లేవాలో తెలియడం లేదు." గొంతు తగ్గించి అడిగారు. "ఆ అమ్మాయి... విశాఖలో ఎవరి దగ్గరికి వెళ్ళింది?"

మీరే వెళ్ళకూడదన్నారు కదండి అనే మాట మృత్యుంజయుడి నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ముఖం చూసి అనలేకపోయాడు. కొట్టు మూసి, ఆయన్ని అదే రిక్షాలో సుభాషిణి ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆవిడ తలుపు తీసి, ఇద్దరినీ చూసి, ఏమీ అడక్కుండా కుర్చీ వేసింది. విషయమంతా మృత్యుంజయుడే చెప్పాడు. సుదర్శనమూర్తిగారు తల దించుకుని కూర్చున్నారు. ఆవిడ డాక్టరమ్మ పేరు, ఆసుపత్రి ఎక్కడో, ఏ బస్సెక్కాలో చెప్పింది. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత బిడియంగా అడిగారు.

"అక్కడ ఏం జబ్బని చెప్పాలమ్మా? లోకవేదన అని చెప్పనా?"

"ఏం చెప్పక్కర్లేదు సార్. ఆవిడే అడుగుతారు. ఉన్నది చెప్పండి చాలు."

"మేనేజింగ్ డైరెక్టరుగా చేశానని..."

"ఆ సంగతి అడగరండి," అంది సుభాషిణి. "పొద్దున్నే బయల్దేరండి. అక్కడ ఎవరు ముందొస్తే వాళ్ళకే టోకెను."